ఆదిభట్ల నారాయణదాసు

హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరతలు బూని, వారు ఊరూర హరికథలు చెప్పిరి. అందువలన సంగీతము, సాహిత్యము, నృత్యము రాజాస్థానములు దాటి చదువురాని పల్లెవాసుల ముంగిట నిలిచినవి.

అయినను ఒక్కని గళ మెంతకాలము నిలుచును? విద్య శిష్యులకు సంక్రమింపవలెనన్న పోషణము కావలెను. 1919లో విజయనగర సంస్థానమువారు సంగీత కళాశాలను నెలకొల్పి, దాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. 1936లో వారు విరమింపగా, ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవి నలంకరించిరి. తరువాత సుప్రసిద్ధ గాయకులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చటనే విద్య నభ్యసించిరి.

1945 జనవరి 2వ తేదీన దాసుగారు కీర్తిశేషులైరి. సంస్థానము గతించినను, ప్రభుత్వ పోషణమున ఆ కళాశాల నేటికిని పిల్లలకు సంగీతము గఱపుచున్నది.