క్రీస్తు కథ రాసిన కవి – గుర్రం జాషువా

డిసెంబరు వచ్చిందంటే మన విశాఖలో పేటపేటనా ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. చర్చి ముందు గడ్డితో పశువుల పాక కట్టి, తొట్టిలో పసిబిడ్డ బొమ్మను పడుకోబెడతారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి మనకు అందులో వింత కనపడదు. రెండు వేల ఏళ్ల క్రితం యూదులకు మాత్రం అది పెద్ద వింతే. రోము పాలనలో నలిగిపోతున్న ఆ ప్రజలు మెస్సీయ కోసం, అంటే దేవుడు అభిషేకించిన వాడి కోసం ఎదురుచూశారు. దావీదు వంశంలో ఒక రాజు వస్తాడు, శత్రువులను తరిమి సింహాసనం ఎక్కుతాడు అని చాలామంది ఆశ. క్రైస్తవుల విశ్వాసం ప్రకారం వచ్చినవాడు వడ్రంగి ఇంట పెరిగాడు. నలుగురూ అసహ్యించుకునే సుంకరులతో కూర్చుని భోంచేశాడు. గాడిద నెక్కి యెరూషలేములో ప్రవేశించాడు. చివరికి దొంగల నడుమ సిలువ మీద ప్రాణం విడిచాడు. నజరేతు లాంటి ఊరి నుంచి మంచి ఏం వస్తుందని తర్వాత శిష్యుడైన వాడే మొదట సందేహించాడట. ఏ ఊరు, ఎవరి అబ్బాయి అనే ప్రశ్న అప్పుడూ ఉందన్నమాట!

ఈ కథను తెలుగులో 'క్రీస్తు చరిత్ర' అనే పద్యకావ్యంగా రాసిన గుర్రం జాషువాను కూడా ఆ ప్రశ్న జీవితమంతా వెంటాడింది.

ఆయన 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. వారిది క్రైస్తవ కుటుంబం. బడిలో అంటరానితనం, ఊరిలో వెలి. అయినా సంస్కృతం నేర్చుకున్నారు, ఛందస్సు పట్టుబట్టి సాధించారు. కొన్నాళ్లు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పి పొట్ట పోసుకున్నారు, తర్వాత గుంటూరులో ఉపాధ్యాయులయ్యారు. సభలో పద్యం చదివితే వీణ్ణి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేసేవారు. ఇటు క్రైస్తవ పెద్దలకేమో ఆయన పురాణాలు చదివి, వాటి మీద పద్యాలు కట్టడం నచ్చలేదు. రెండు వైపులా తలుపులు మూసుకుంటే మనిషి ఎక్కడ నిలబడతాడు? మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అంటరానివాడు, గుడిలోకి వెళ్లలేడు. గబ్బిలం మాత్రం గుడి కప్పుకు వేలాడగలదు. అందుకే తన గోడు శివుడికి చెప్పమని అందరూ అపశకునమనే ఆ గబ్బిలాన్నే బతిమాలుకున్నాడు. పాకలో పుట్టిన రక్షకుడి కథ బాల్యం నుంచీ విన్న కవికి ఇలాంటి దూత తట్టడంలో మాకు ఆశ్చర్యం లేదు. ఇది మా ఊహ మాత్రమే సుమా!

అరవై ఏళ్లు దాటాక 1958లో 'క్రీస్తు చరిత్ర' వెలువరించారు. పురాణాలు రాస్తున్నాడని ఒకప్పుడు కోప్పడినవారి దేవుణ్ణే పురాణాల పద్యంలో నిలిపారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అంతకు చాలా ముందే మహాపండితుడు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయంగా వంగి జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఎవరి కాలికి ఎవరు తొడిగారో ఒకసారి ఆలోచించండి.

1970లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది మన ఊరి ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1971 జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూశారు.

'గబ్బిలం' ప్రతి ఒకటి, అట్ట ఊడిపోయింది గాని, మన హాస్టల్ బీరువాలో ఉంది. 'క్రీస్తు చరిత్ర' లేదు. పూర్వ విద్యార్థులైన అన్నయ్యలు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక ప్రతి పంపగలరని మనవి.