కాలేయంలో దాగిన మందును వెతికిన యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పినా పట్టు విడువక, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజులలోనే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరినీ కొద్దిరోజుల వ్యవధిలో బలిగొన్నది. ఆ వ్యాధిలో విరేచనాలు ఎడతెగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆయనకూ అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో స్వస్థత చేకూరింది. ఈ వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల అప్పుడే నాటుకున్నది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో 1923లో ఆయన అమెరికా చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై విశేష కృషి చేశారు.

పచ్చి కాలేయం తినిపిస్తే ఒక రకమైన ప్రాణాంతక రక్తహీనత తగ్గుతుందని మైనాట్, మర్ఫీ 1926లో నిరూపించారు. మరి కాలేయంలో పనిచేస్తున్న పదార్థమేది? ఈ ప్రశ్న సుబ్బారావును వదలలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన పిమ్మట, ఆయన నేతృత్వంలోని శాస్త్రజ్ఞులు కాలేయం నుండి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమైంది. అయితే మైనాట్ చికిత్సలోని అసలు పదార్థం వేరు. అది బి12 విటమిన్ అని 1948లో మరొక బృందం తేల్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఫోలిక్ ఆమ్లానికీ బి12కూ శరీరంలో ప్రధాన నిలయం కాలేయమే. కనుక దీర్ఘకాలిక హెపటైటిస్‌తో కాలేయం గట్టిపడినవారిలో ఫోలిక్ ఆమ్లం కొరవడి రక్తహీనత కలుగవచ్చు. పెరిగిన ప్లీహం ఎర్రకణాలను త్వరగా నశింపజేయడం, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం పోవడం కూడా కారణాలే. అందుచేత అట్టి రోగి పాలిపోయినప్పుడు బలానికి మాత్రలు కొని మింగుట చాలదు. రక్తం ఎందుకు తగ్గినదో వైద్యునిచేత తేల్చుకోవాలి.

నేడు గర్భవతులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడ ఉన్నది. సోదరుల మరణం నుండి మొదలైన ఒక తెలుగువాని అన్వేషణ ఆ చిన్న మాత్ర వెనుక ఉన్నదని మన పిల్లలు తెలుసుకోవలసి ఉన్నది.