వైద్య పట్టాల ప్రమాణాలకు కాపలా కాసిన డాక్టర్ బి.సి.రాయ్

అమలాపురం, జూలై 1: జాతీయ వైద్యుల దినోత్సవంగా దేశమంతటా పాటించే జూలై 1వ తేదీ డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ జయంతి, వర్ధంతి కూడా. 1882లో ఇదే తేదీన పాట్నా సమీపంలోని బంకీపూర్‌లో జన్మించిన ఆయన 1962లో ఇదే తేదీన కలకత్తాలో కన్నుమూశారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా, గాంధీజీకి చికిత్స చేసిన వైద్యునిగా ఆయన సుప్రసిద్ధులు. 1939 నుండి 1945 వరకు భారత మెడికల్ కౌన్సిల్ అధ్యక్షులుగా ఆయన వహించిన బాధ్యత మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. వైద్యుడనిపించుకొనే అర్హత ఎవరికి ఉన్నదో తేల్చే ఆ పీఠాన్ని అధిష్ఠించిన రాయ్, తన విద్యార్థి దశలో అటువంటి తీర్పులకే రెండుసార్లు గురైనవారు కావడం గమనార్హం.

కలకత్తా మెడికల్ కళాశాలలో చదువుతున్న రోజులలో ఆచార్యులు కర్నల్ పెక్ ప్రయాణిస్తున్న గుర్రపు బండి కళాశాల ద్వారం వద్ద ట్రాముకు తగిలింది. తప్పు ట్రాము నడిపినవానిదేనని సాక్ష్యం చెప్పవలసిందిగా ఆయన రాయ్‌ను కోరారు. తాను చూసినంతలో పొరపాటు బండి తోలినవానిదేనని భావించిన రాయ్ అందుకు అంగీకరించలేదు. తరువాత ఎం.బి. మౌఖిక పరీక్షలో పరీక్షకునిగా ఎదురైన అదే ఆచార్యులు ఆయనను ఉత్తీర్ణుణ్ణి చేయలేదు. రాయ్ ఎల్.ఎం.ఎస్. పరీక్ష వ్రాసి వైద్యవృత్తిలో ప్రవేశించారు, 1908లో ఎం.డి. సాధించారు. కోనసీమకు పడమరగా వశిష్ఠ గోదావరికి ఆవల ఉన్న భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుకు కూడా ఖద్దరు ధరించిన కారణంగా ఆచార్యుని ఆగ్రహం ఎదురై, మద్రాసులో ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే లభించిన సంగతి తెలుగువారికి తెలిసినదే.

1909లో ఇంగ్లండు వెళ్ళిన రాయ్‌కు లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో వెంటనే ప్రవేశం దొరకలేదు. సుమారు ముప్పై పర్యాయాలు దరఖాస్తు చేసిన పిమ్మట గాని డీన్ అనుమతించలేదని చెబుతారు. రెండేళ్ళ మూడు నెలల వ్యవధిలోనే ఎం.ఆర్.సి.పి., ఎఫ్.ఆర్.సి.ఎస్. రెండింటినీ పూర్తిచేసి 1911లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చారు. వైద్య బోధనతో పాటు ప్రజా జీవితంలోకీ ప్రవేశించి, 1923లో బెంగాల్ శాసనమండలి ఎన్నికలలో సురేంద్రనాథ్ బెనర్జీ వంటి దిగ్గజాన్ని ఓడించారు. 1930లో శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో అరెస్టయి ఆలీపూర్ జైలులో ఉన్నప్పుడు కూడా అక్కడి ఆసుపత్రిలో రోగులకు సేవలందించారు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో వైద్యవృత్తిని విడిచి జాతీయోద్యమానికి అంకితమయ్యారు. రాయ్ రెండింటినీ కడదాకా వెంటబెట్టుకొని నడిచారు.

ఆ 1930లోనే బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ విశ్వవిద్యాలయాల వైద్య పట్టాలకు గుర్తింపును ఉపసంహరించుకొన్నది. మన కళాశాలల ప్రమాణాలను సముద్రాల కావలి సంస్థ నిర్ణయించే పరిస్థితి ఇక కొనసాగరాదన్న అభిప్రాయం బలపడి, 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు నియమించినవారు, విశ్వవిద్యాలయాలు ఎన్నుకొన్నవారు, రిజిస్టర్డ్ వైద్యులు ఎన్నుకొన్నవారు, కేంద్ర ప్రభుత్వం నియమించినవారు అందులో సభ్యులు. కళాశాలలను, పరీక్షలను తనిఖీ చేయించడం, పట్టాల గుర్తింపుపై సిఫారసు చేయడం, ఇతర దేశాలతో పరస్పర గుర్తింపునకు సంప్రదింపులు జరపడం కౌన్సిల్ ప్రధాన విధులు. 1939లో రాయ్ అధ్యక్షులయ్యారు. యూరోపియనేతరులలో ఆ పదవిని చేపట్టిన మొదటి వ్యక్తి ఆయనే. యుద్ధకాలమంతా ఆ పదవిలో ఉంటూ, 1942 నుండి 1944 వరకు కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగానూ వ్యవహరించారు.

అయితే ఆ చట్టంలో ఒక పెద్ద లోటు ఉన్నది. విశ్వవిద్యాలయ పట్టాలు మాత్రమే దాని పరిధిలోకి వచ్చాయి. వైద్య పాఠశాలల్లో డిప్లొమా పొందిన లైసెన్షియేట్లు, అనగా ఎల్.ఎం.పి. డాక్టర్లు, దాని వెలుపలే ఉండిపోయారు. ఎల్.ఎం.ఎస్. విశ్వవిద్యాలయమిచ్చే అర్హత, ఎల్.ఎం.పి. అటువంటిది కాదు. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల ఏర్పడక ముందు ఉన్నది వైద్య పాఠశాలే. అమలాపురం వంటి తాలూకా కేంద్రాలలో ప్రజలకు అందుబాటులో ఉండిన ఆధునిక వైద్యులు ఎక్కువగా ఈ తరగతివారే. కోటిపల్లి రేవులో పంటు దాటి కాకినాడ చేరవలసిన రోజులలో రోగి చూసేది డాక్టరు ఇంటి దూరాన్నే గాని పట్టా తరగతిని కాదు. 1914 నాటి మద్రాసు చట్టం ప్రకారం వీరి పేర్లు మద్రాసు మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉండేవి. అఖిల భారత కౌన్సిల్‌లో మాత్రం వీరికి ప్రాతినిధ్యం లేదు. రాయ్ అధ్యక్షత వహించిన ఆరేళ్ళలోనూ ఈ స్థితి మారలేదు. ఉన్నత ప్రమాణాలు కాపాడవలసిన కౌన్సిల్‌కు గ్రామసీమలలో పనిచేస్తున్న వైద్యులలో అత్యధికుల గురించి మాట్లాడే అధికారమే లేకపోవడం ఆనాటి వ్యవస్థలోని వైరుధ్యం.

కర్నూలులో జన్మించిన డాక్టర్ ఎ.లక్ష్మణస్వామి మొదలియార్ సభ్యులుగా ఉన్న భోర్ కమిటీ 1946లో సమర్పించిన నివేదిక, దేశానికి ఒకే స్థాయి వైద్య పట్టా ఉండాలని, లైసెన్షియేట్ చదువును నిలిపివేయాలని సూచించింది. కమిటీలోని కొందరు సభ్యులు వైద్యుల కొరత దృష్ట్యా దీనితో విభేదించారు. 1956లో వచ్చిన కొత్త చట్టం లైసెన్షియేట్లు తమలో నుండి ఏడుగురు సభ్యులను కౌన్సిల్‌కు ఎన్నుకొనే వీలు కల్పించింది. అఖిల భారత వైద్యుల రిజిస్టరుకూ అదే చట్టం ఆధారమైంది.

అప్పటికి రాయ్ ముఖ్యమంత్రి. 1948 జనవరి నుండి మరణించేవరకు ఆ పదవిలో ఉన్నారు. శరణార్థుల పునరావాసం, దుర్గాపూర్, కల్యాణి పట్టణాల నిర్మాణం వంటి కార్యభారం నడుమ కూడా ఉదయం వేళ పేద రోగులను ఉచితంగా పరీక్షించే అలవాటును మానలేదు. 1961లో భారతరత్న పురస్కారం అందుకొన్నారు. తన నివాసగృహాన్ని తల్లి అఘోరకామినీదేవి పేరిట ఆసుపత్రి నడిపేందుకు ఇచ్చివేశారు.

ఆయన మరణానంతరం ఆయన పేరిట నెలకొల్పిన జాతీయ పురస్కారాన్ని భారత మెడికల్ కౌన్సిలే నిర్వహించింది. 2020 సెప్టెంబరు 25 నుండి ఆ కౌన్సిల్ స్థానంలో జాతీయ వైద్య కమిషన్ పనిచేస్తున్నది. కోనసీమలో ప్రాక్టీసు చేసే అల్లోపతి వైద్యుల నమోదు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వద్ద జరుగుతున్నది.