కేసు పోయినా మచ్చ పోలేదు

మా పల్నాడు వాళ్లకు కోర్టు వాయిదాలు కొత్త కాదు. ఈ మధ్య పెళ్లివారొకరు మా వీధిలో పిల్ల గురించి వాకబు చేస్తూ మా ఇంటికొచ్చారు. పిల్ల చదువు, పనీపాటా చెప్పకుండానే, వాళ్ల నాన్న మీద ఒకప్పుడు హత్య కేసుండేదని నోరు జారాను. కోర్టు కొట్టేసిందనీ చెప్పాను గానీ, అప్పటికే వాళ్ల మొహాలు మారిపోయాయి. ఆ రాత్రి నాకు త్యాగరాజ భాగవతార్ గుర్తొచ్చారు.

1910లో మాయవరంలో కంసాలి కుటుంబంలో పుట్టిన భాగవతార్ గొంతుకు తమిళనాడంతా దాసోహమంది. 1944 దీపావళికి విడుదలైన ఆయన 'హరిదాస్' మద్రాసు బ్రాడ్వే థియేటర్లో మూడు దీపావళులు చూసింది. కానీ ఆ ఏడాది నవంబరు 8న, సినిమావాళ్ల గుట్టుమట్లు పత్రికలో రాసే లక్ష్మీకాంతన్‌ను వేపేరిలో కత్తితో పొడిచారు. మర్నాడు ఆయన చనిపోయాడు. భాగవతార్‌ని, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ని, దర్శకుడు శ్రీరాములు నాయుడిని అరెస్టు చేశారు. 1945 మేలో నాయుడు నిర్దోషిగా బయటపడ్డారు. మనకు ఎన్టీఆర్‌తో 'అగ్గిరాముడు' తీసింది ఈయనే. మిగతా ఇద్దరికీ యావజ్జీవం పడింది. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, తిరిగి మద్రాసు హైకోర్టుకొచ్చింది. 1947లో ఇద్దరూ నిర్దోషులని తేలింది.

తేలితే ఏం లాభం? 1948లో మన భానుమతి గారితో చేసిన 'రాజముక్తి' ఆడలేదు. తర్వాతవీ అంతే. జనం అభిరుచి మారింది, ఆయన ఆరోగ్యమూ చెడింది, అదీ నిజమే. కానీ ఆ రెండున్నరేళ్ల జైలు ఆయన్ని వదల్లేదు. 1959 నవంబరు 1న, యాభై ఏళ్లైనా నిండకుండానే పోయారు.

అమెరికాలో హోవర్డ్ బెకర్ అనే సమాజశాస్త్రవేత్త 1963లో ఒక పుస్తకం రాశాడు. నేరస్థుడనే ముద్ర మనిషి చేసిన పనిలోంచి మాత్రమే పుట్టదు, చుట్టూ ఉన్నవాళ్లు వేస్తే పడుతుందని అందులోని సారాంశం. ఆ ముద్ర ఒకసారి పడిందా, మనిషిలోని మిగతా గుణాలన్నీ దాని వెనక్కి పోతాయట.

మరి కృష్ణన్ ఎలా నిలదొక్కుకున్నారు? ఆయనకు భార్య మధురం అండగా ఉంది. తెర మీదా, ఇంట్లోనూ ఆయనకు జోడీ ఆవిడే. 1949లో ఆయన 'నల్లతంబి' తీస్తే అందులోనూ భానుమతి గారే నాయిక. జైలు నుంచి వచ్చిన మనిషిని పక్కన నిలబెట్టుకునేవాళ్లుంటే కథ వేరుగా ఉంటుందేమో!

చూశారా, జడ్జి గారు కొట్టేసిన కేసుని మనం అరుగు మీద కూర్చుని మళ్లీ విచారిస్తాం. మన కోర్టులో అప్పీలు లేదు. మొన్న పెళ్లివారింటికి నేనే వెళ్లి, ఆ పిల్ల ఎంత ఒద్దికైనదో, ఎంత చదువుకుందో చెప్పి వచ్చాను. సంబంధం కుదురుతుందో లేదో తెలీదు. నేను వేసిన ముద్రని నేనే కదా చెరపాలి!