కథకుడైన శ్రోత్రియుడు : శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి

తెలుగు కథానికకు గృహస్థుని ఇంటినే రంగస్థలంగా చేసి, ఆ ఇంటి అనురాగాన్నీ వియోగాన్నీ ఆ ఇంటివారి మాటలతోనే చెప్పించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1891 ఏప్రిల్ 23వ తేదీన గోదావరీ మండలంలోని పొలమూరులో జన్మించినారు. తండ్రి లక్ష్మీపతి సోమయాజులుగారు. తల్లి మహాలక్ష్మీ సోదెమ్మగారు. యజ్ఞం చేసిన గృహస్థుకు సోమయాజి అనే వ్యవహారం ఎట్లాగో, యజ్ఞంలో అతని పక్కన కూర్చున్న ఇల్లాలికి సోమిదేవమ్మ అనే వ్యవహారం అట్లాగే. నోటివాడుకలో అదే సోదెమ్మ అయింది. తల్లిదండ్రుల పేర్లే ఆ ఇంటి స్థితిని తెలుపుతున్నవి. వేదం, స్మార్తం, జ్యోతిషం, కావ్యపాఠం – ఆ ఇంట మగపిల్లవానికి చదువంటే ఇవే.

బాలసుబ్రహ్మణ్యానికి ఆ చదువు లోపం లేకుండా జరిగింది. ఇంట మొదలైన సంస్కృతపాఠం మహేంద్రవాడ, వల్లూరు, వేట్లపాలెం వంటి గ్రామాలలో గురువుల సన్నిధిని సాగింది. ఒక గ్రంథం ఎవరు బాగా చెప్పగలరని తెలిస్తే వారున్న ఊరికి పోవడం ఆనాటి విద్యార్థులకు మామూలు. అన్నానికి వారాలు, పడకకు అరుగు, పాఠానికి గురువుగారి తీరిక – ఇదే దినచర్య. అటువంటి చదువులో ఊళ్ళు మారినకొద్దీ విద్యార్థి చూచిన గృహాల సంఖ్య కూడా పెరిగేది. ఏ ఇంట ఇల్లాలు వడ్డిస్తూ ఏమన్నదో, ఏ ఇంట అత్తకూ కోడలికీ మాటలు లేవో, ఏ ఇంట ఒక పడుచు తలవంచుకొని పెరటిలోకి తప్పుకొన్నదో పీటమీద కూర్చున్న విద్యార్థికి తెలియకుండా ఉండదు. శాస్త్రిగారి కథలలోని గృహసంబంధమైన జ్ఞానానికి ఈ పల్లెల విద్యాభ్యాసం ఒక ముఖ్యమైన మూలమని ఊహించడం తప్పు కాదు.

ఆ విద్యలో ఒక నిషేధం ఉండేది. తెలుగు చదువదగినది కాదు. కవిత్వం చెప్పదలిస్తే సంస్కృతంలో చెప్పవలె. శ్రోత్రియ కుటుంబాలు చాలావాటిలో వ్రాయకుండానే అమలులో ఉన్న శాసనమిది. శాస్త్రిగారి ఇంట అది మరింత గట్టిగా ఉండేది. ఆయన తెలుగుమీది మక్కువను పెద్దల కంట పడకుండా పెంచుకోవలసి వచ్చింది. పద్యాలు కట్టినారు, అవధానాలు చేసినారు, కవిగా పేరు పొందినారు. పద్యవిద్యలో అంతటితో స్థిరపడిపోయి ఉంటే ఆ కాలపు శతావధానుల పట్టికలో మరొక పేరుగా మిగిలిపోయేవారు. కాని ఆయన వచనానికి దిగినారు. వచనంలోనూ నవలలు, నాటకాలు వ్రాసి చివరకు కథను ప్రధానంగా స్వీకరించినారు. పండితలోకంలో వచనానికి గౌరవం తక్కువ, కథకు ఇంకా తక్కువ. అయినా ఆ మార్గం వదలలేదు.

ఇక్కడ పాఠశాలలలోని ఒక అలవాటును స్మరించుకోవడం అవసరం. సంస్కృతనాటకాలలో రాజూ మంత్రీ సంస్కృతం మాట్లాడుతారు. నాయికా, చెలికత్తెలూ, పరిచారికలూ ప్రాకృతం మాట్లాడుతారు. నాటకపాఠం చెప్పేటప్పుడు ప్రాకృతాన్ని దాటి దాని కింద ఉన్న సంస్కృతచ్ఛాయను చదివి అర్థం చెప్పడం అందరూ ఎరిగినదే. శకుంతల అన్నమాట శకుంతల నోటిమాటగా కాక ఛాయగా మాత్రమే విద్యార్థి చెవిని పడుతుంది. స్త్రీల మాటకు స్వతంత్రమైన రుచి ఉన్నదన్న సంగతి ఆ విధంగా మరుగున పడిపోతుంది. సుబ్రహ్మణ్యశాస్త్రిగారు అదే పాఠం చదువుకొన్నవారు. అయినా తమ ఇంటి ప్రాకృతాన్ని ఛాయతో పనిలేకుండా విన్నారు. ఆయన కథలలో నానుడీ, దెప్పూ, గారాబమూ, వెటకారమూ కలిసిన స్త్రీల తెలుగు నాయికాపదవిని పొందింది. ఆయన కథలలో అనేకం ఆద్యంతం సంభాషణలే. రచయిత వర్ణనకు దిగకుండా పాత్రల మాటలలోనే వయస్సు, వరుస, కోపం, వేళ అన్నీ తెలియజేస్తారు. చతుర్విధాభినయాలలో వాచికం ఒక్కటే ఆధారంగా నాటకం నడిపినట్లు ఉంటుంది.

ఈ భాషను ఆయన ఆరంభంలోనే గ్రహించి కాగితంమీద పెట్టలేదు. తొలిదశ రచనలు గ్రాంథికంలోనే సాగినవి. వ్యావహారికభాషావాదాన్ని వెంటనే అంగీకరించినవారు కూడా కారు. గిడుగు రామమూర్తిపంతులుగారి వాదం పరిచయమైన తరువాత దానిలోని న్యాయాన్ని గుర్తించి, ఒకసారి గుర్తించిన మీదట వెనుదిరగలేదు. పూర్వపక్షాన్ని గట్టిగా పట్టుకొని, సిద్ధాంతం తోచినప్పుడు దానిని అంతకన్న గట్టిగా పట్టుకోవడం శాస్త్రాధ్యయనం నేర్పే గుణమే.

ఆయన కథలలోని దుఃఖానికి ముఖ్యస్థానం బాలవితంతువు. వితంతువివాహాన్ని ధర్మబద్ధం చేసిన చట్టం 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగంపంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతువివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న, అంటే శాస్త్రిగారు పుట్టడానికి సుమారు పదేళ్ళ ముందే. చట్టమూ ఉన్నది, దారీ ఉన్నది, ఊరూ దగ్గరలోనే ఉన్నది. అయినా ఇంటి గడప దాటడం కష్టం. ఈ గడపనే అరికాళ్ళకింద మంటలు అనే కథలో శాస్త్రిగారు చూపించినారు. పుట్టినింట ఉన్న ఒక పడుచువితంతువును ఇంటిల్లిపాదీ పనికి పిలుస్తూ ఉంటారు. ఒకరి పిలుపు ముగియకముందే మరొకరి పిలుపు. ఎవరి పని చేసినా మరొకరికి కోపం. ఆమెను నిందించేవారు పరాయివారు కారు, రక్తసంబంధీకులు. కథకుడు వారిని రాక్షసులుగా చేయలేదు. ప్రతివారి మాటా ఆ ఇంట రోజూ వినవచ్చే మాటలాగే ఉంటుంది. అందుకే భరించరానిదిగా ఉంటుంది. చివరకు రాత్రివేళ ఆమె ఇల్లు వెడలి, బండివాని సాయంతో పంతులుగారి తోటకు చేరే దారి పడుతుంది. కన్నవారు ఇవ్వని ఆశ్రయానికి ఒక బండివాడు తోడైనాడు. ఆ కథలో వాదం లేదు, ప్రమాణవాక్యం ఒక్కటీ లేదు. పరాశరస్మృతిలోని వచనంమీద వితంతువివాహవాదులూ ప్రతివాదులూ దశాబ్దాల తరబడి చేసిన చర్చ అంతా చదివినవానికి కూడా ఈ కథ చదివిన తరువాత కలిగే నిశ్చయం వేరుగా ఉంటుంది.

కరుణరసాన్ని గురించి మన ఆలంకారికులు విస్తారంగా చెప్పినారు. ఉత్తరరామచరితం ఎదుట పెట్టుకొని తరగతిలో కన్నీరు పెట్టిన పండితుడు తన పెరటిలోనే ఉన్న వితంతువైన చెల్లెలిని చూచి చలించకపోవడం ఆ కాలంలో అరుదు కాదు. ఆలంబనం మారినందువల్ల రసం ఎందుకు పుట్టకుండా పోవలెనన్న ప్రశ్నను శాస్త్రిగారు సిద్ధాంతరూపంగా ఎక్కడా లేవదీసినట్లు లేదు. ఆయన చేసినదల్లా ఆలంబనాన్ని మార్చి చూపడమే. మన రూపకాలలో ప్రకరణానికి కల్పితవృత్తం, రాజు కాని నాయకుడు ఉండవచ్చునని లక్షణకారులు అంగీకరించే ఉన్నారు. మృచ్ఛకటికంలో వర్తకుడైన చారుదత్తుని దారిద్ర్యం ఎంతో మనోజ్ఞంగా ఉన్నది. కనుక సామాన్యుని ఇంటికథ పరదేశవస్తువు అన్న ఆక్షేపణకు శాస్త్రిగారి విషయంలో తావు లేదు.

మరొక విశేషం ఆయన కథల పేర్లలో ఉన్నది. శుభికే శిర ఆరోహ అన్నది మంగళకర్మలో పూలమాల శిరస్సును అలంకరించే వేళ చెప్పే మంత్రంలోని మాట. యావజ్జీవం హోష్యామి అన్నది వివాహంతో లభించిన అగ్నిలో బ్రతికినంతకాలం హోమం చేస్తానని గృహస్థు చేసే సంకల్పం. స్మార్తం చదివిన పురోహితుడు వేలసార్లు ఉచ్చరించే ఈ మాటలు ఆయన చేతిలో కథల పేర్లు అయినవి. కర్మలో ఉచ్చారణమాత్రంగా మిగిలిపోయిన మాటకు అర్థం ఉన్నదనీ, ఆ అర్థం ఒక స్త్రీపురుషుల జీవితమనీ ఈ పేర్లు గుర్తుచేస్తున్నవి. దాంపత్యమందు ప్రేమ ఉండవలెననీ, వధువు ఊహ తెలిసినదై ఉండవలెననీ ఆయన నమ్మకం. కన్యకు 14 ఏళ్ళు నిండవలెనని నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చినప్పుడు వైదికలోకంలో పుట్టిన కలవరం తెలిసినవారికి, ఒక సోమయాజి కుమారుడు ఈ పక్షాన నిలవడంలోని సాహసం అర్థమవుతుంది.

పెద్దాపురం సంస్థానం నేపథ్యంగా వ్రాసిన రెండు కథలు మరొక జాతివి. వడ్లగింజలులో తంగిరాల శంకరప్ప అనే బీదబ్రాహ్మణయువకుడు చదరంగంలో తన ప్రజ్ఞ చూపడానికి రాజును వెదుకుకొంటూ వస్తాడు. రాజదర్శనం సులభం కాదు. కథకు పేరిచ్చిన గింజల లెక్క అందరూ ఎరిగినదే: మొదటి గడిలో ఒకటి, తరువాతి గడిలో రెండు, ఆపై నాలుగు, ఇట్లా 64 గడులు నిండేసరికి మొత్తం 20 అంకెల సంఖ్య అవుతుంది. గులాబీ అత్తరులో షుకురల్లీఖాను అనే సాయిబు తాను తీసిన అపూర్వమైన అత్తరును రాజుకు సమర్పించవలెనని దూరదేశంనుండి వస్తాడు. దివాను అడ్డుపడినందువల్ల ప్రవేశం దొరకదు. తుదకు ఆ బుడ్డిని కోటగోడకు వేసి పగులగొడతాడు. శంకరప్పకు దక్కినది ఖానుకు దక్కలేదు. విద్వాంసునికీ గుణగ్రహీతకూ నడుమ నిలిచే ద్వారపాలకుని బాధ మన చాటుపద్యాలలో ఎంతో ఉన్నది. దానిని ఒక పరిమళంగా మార్చి కోట అంతటా వ్యాపింపజేసినది మాత్రం ఈ కథయే.

అన్ని కథలూ ఈ స్థాయిలో ఉన్నవని చెప్పడం సాహసం. చదువుకొన్న బ్రాహ్మణయువకులు ఉద్యోగాలకై ఎదురుచూడక వ్యాపారానికో చేతిపనికో దిగవలెనని ఆయన దృఢాభిప్రాయం. మార్గదర్శి, తాపీమేస్త్రీ రామదీక్షితులు బి.ఏ. వంటివి ఆ ఉద్దేశంతో పుట్టినవి. వీటిలో అక్కడక్కడ కథకుని పక్కకు నెట్టి ఉపదేశకుడు ముందుకు వస్తాడు, సంభాషణ వాదంగా సాగుతుంది. అయినా వైదికుని కుమారుడు తాపీ పట్టడం అవమానం కాదని ఆ కాలంలో ఆ కులంలో పుట్టినవారు వ్రాయడం చిన్న సంగతి కాదు.

రాజమహేంద్రవరంలో స్థిరపడి ఆయన ప్రబుద్ధాంధ్ర పత్రికను నడిపినారు. పత్రికవల్ల పేరు వచ్చినంతగా ధనం రాలేదు. తెలుగుకు రావలసిన స్థానాన్ని హిందీ ఆక్రమిస్తున్నదని ఆయన తీవ్రంగా పోరాడినారు. స్వభావం రాజీ ఎరుగనిది. స్నేహితులను నొప్పించిన సందర్భాలు లేకపోలేదు. రాజరాజు, కలంపోటు వంటి నాటకాలు, ఆయుర్వేదగ్రంథాలు, వాల్మీకిరామాయణానికి తెలుగు వచనం ఈ మధ్యనే వెలసినవి. బాల్యంలో ఏ సంస్కృతంకొరకు తెలుగును విడువమన్నారో ఆ సంస్కృతపు ఆదికావ్యాన్నే పెద్దవయస్సులో తెలుగులో పెట్టడం గమనింపదగినది. సంస్కృతంమీద ఆయనకు ద్వేషం ఎన్నడూ లేదు. దానిని అడ్డుపెట్టి తెలుగును తక్కువచేయడం మీదనే.

1956లో రాజమహేంద్రవరంలో ఆయనకు కనకాభిషేకం జరిగింది. జీవితంలో ఎక్కువభాగం ఇబ్బందులతో గడిపిన కథకునికి 65వ ఏట జరిగిన గౌరవమది. ఆ దశలోనే తమ బాల్యాన్నీ విద్యాభ్యాసాన్నీ స్మరిస్తూ అనుభవాలూ జ్ఞాపకాలూనూ అనే స్వీయచరిత్ర వ్రాసినారు. ఆనాటి పాఠశాలలు, గురువులు, ప్రయాణాలు, భోజనాలు, యజ్ఞాలు ఎట్లా ఉండేవో తెలుసుకొనగోరే పరిశోధకునికి దానివంటి ఆకరం మరొకటి లేదు. గురువుల పాండిత్యాన్ని గురించి ఎంత భక్తితో వ్రాసినారో, ఆ ఇండ్లలో విన్న తెలుగును గురించి అంతే భక్తితో వ్రాసినారు. మూడు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథం ప్రధానంగా పూర్వజీవితానికే పరిమితం. కథకుడైన తరువాతి జీవితంలో చాలాభాగం అందులోకి ఎక్కలేదు. 1961 ఫిబ్రవరి 25వ తేదీన రాజమహేంద్రవరంలో శాస్త్రిగారు పరమపదించినారు. అప్పటికి ఆయన కథలు సుమారు 75.