చిత్రాచార్యుడు నందలాల్ బోస్

నందలాల్ బోస్ 1882 డిసెంబరు 3న బీహారులోని ఖరగ్‌పూర్‌లో జన్మించారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులై చిత్రకళను అభ్యసించారు.

1909-10 శీతకాలంలో ఆయన అజంతాకు ప్రయాణమయ్యారు. క్రిస్టియానా హెరింగ్‌హామ్ బృందంలో చేరి, శిథిలమవుతున్న గుహాచిత్రాలకు ప్రతులు చిత్రించారు. భిక్షువుల విహారాలు శూన్యమై శతాబ్దాలు గడచినా, పద్మపాణి చేతి కమలం, జాతక కథలు ఆ గోడలపై నిలిచే ఉన్నాయి. ఆ రేఖ ఆయన కుంచెను ఇక విడువలేదు. 1924లో రవీంద్రనాథునితో చైనా, జపాన్ దేశాలను, 1934లో సింహళాన్ని దర్శించారు.

శాంతినికేతనంలోని చీనాభవన గోడపై 1942లో ఠాగూరు నాటకం 'నటీర్ పూజ'ను చిత్రించారు. స్తూపారాధనను రాజు నిషేధించగా, అక్కడ నాట్యమాడుమన్న ఆజ్ఞకు బద్ధురాలైన శ్రీమతి నాట్యంలోనే ఆభరణాలను విసర్జించి, కాషాయంతో నిలిచి ప్రాణమర్పించిన కథ అది. రాజకుమార్తెలకు దక్కని పూజాగౌరవం ఒక నర్తకికి దక్కింది.

బాబాసాహెబ్ అంబేద్కర్ అధ్యక్షతన ముసాయిదా రూపొందిన రాజ్యాంగపు చేతివ్రాత ప్రతిని నందలాల్, ఆయన శిష్యులు అలంకరించారు. బుద్ధ భగవానుడు, అశోకుడు ఆ పుటలపై వెలిశారు.

ఆయన దీక్ష గైకొన్న బౌద్ధులు కారు. అయినా గుహలో కన్న ధర్మచిహ్నాలను జాతి గ్రంథానికి చేర్చారు. 1966 ఏప్రిల్ 16న పరమపదించిన ఆ మహాశిల్పికి మనం ఋణపడి ఉన్నాము.