గిడుగు వేంకట రామమూర్తి: వర్ణానుపూర్వి, అర్థనిర్ణయం

వంశధారా తీరంలోని శ్రీముఖలింగ క్షేత్రం కళింగ చరిత్రకు ఆకరం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు అక్కడ ఉన్నాయి. మధుకమంటే ఇప్పచెట్టు. ఆ చెట్టును ఆశ్రయించి స్వామి వెలసిన వృత్తాంతంలో శబరులకు ప్రధానస్థానం ఉన్నది. ఈ క్షేత్రానికి చేరువలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. 1875లో తండ్రి గతించగా మేనమామ ఇంట ఉండి విజయనగరంలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు వారికి సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు.

చరిత్ర బోధించే రామమూర్తి దృష్టిని శ్రీముఖలింగ దేవాలయ శాసనాలు ఆకర్షించాయి. ప్రాచీనలిపిని వారు స్వయంకృషితో అభ్యసించారు. శాసనాలలో పదవిభాగం ఉండదు. అక్షరాలు ఎడతెగక సాగుతాయి. ఒకచోట తెలిసిన రాజనామంలోని అక్షరాల వరుస మరొకచోట తటస్థిస్తే, దాని ఆధారంగా ముందువెనుకల పదాలను విడదీయాలి. ఈ పరిశ్రమ ఫలించి, గాంగ వజ్రహస్తుని శక సంవత్సరం 979 నాటి నడగాం తామ్రశాసనాన్ని వారు పరిష్కరించారు. అది ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటంలో వెలువడినది. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని వారు నిరూపింపబూనినది ఆ వ్యాసంలోనే.

వర్ణాల వరుస సమానమైనంత మాత్రాన అర్థం సమానమవుతుందా అన్న ప్రశ్న శబ్దశాస్త్రంలో పాతది. పతంజలి దీనిని రెండు విధాల పరీక్షించాడు. పచతి, పఠతి అనే రూపాలలో ఒక అంశం పోయి వేరొకటి వచ్చింది, మరొకటి నిలిచింది. అర్థంలోనూ వంట పోయి చదువు వచ్చింది, కర్తృత్వం నిలిచింది. శబ్దాంశంతోబాటు అర్థాంశం కూడా నిలవడం వల్ల ప్రకృతిప్రత్యయ విభాగం సిద్ధించింది. కూపం, సూపం, యూపం అనే పదాలలోనూ సమానమైన వర్ణభాగం ఉన్నది. కాని నూతికీ, పప్పుకూ, యజ్ఞస్తంభానికీ సమానమైన అర్థాంశం లేదు. కనుక ఆ విభాగం నిరర్థకం. అన్వయవ్యతిరేకాలు శబ్దంలోను, అర్థంలోను జంటగా కనబడినప్పుడే విభాగం ప్రమాణమవుతుంది.

ఈ పరీక్షకు రామమూర్తి జీవితంలో నిజమైన రంగస్థలం సవరభాష. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులతో కలిపి పేర్కొన్న శబరుల సంతతిగా సవరలను పరిగణిస్తారు. వారి భాషకు నాడు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ముండా శాఖకు చెందినది కావడంచేత సంస్కృతం గాని, తెలుగు గాని దానికి తాళపుచెవి కాలేదు. తెలుగెరిగిన సవరను ఇంట ఉంచుకొని రామమూర్తి మాటలు సేకరించారు. కొండలలో తిరిగారు. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి చెడినది. చెవినే ప్రమాణంగా పెట్టుకొన్న విద్వాంసునికి ఇంతకుమించిన నష్టం లేదు. అయినను కృషి మానలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులను సొంత ధనంతో నడిపారు.

సవరలో నామానికి విడిగా ఒక రూపం, క్రియతో సమసించినప్పుడు వేరొక కురచ రూపం ఉంటాయి. పులి విడిగా కినా, సమాసంలో కిడ్. చేప విడిగా అయో, సమాసంలో యో. ఞమ్ అంటే పట్టు. ఞమ్‌తో యో చేరితే చేపలు పట్టడం; కిడ్ చేరితే పులి పట్టుకోవడం. ఒకచోట చేప కర్మ, మరొకచోట పులి కర్త. కినా, కిడ్ అన్న రూపాలను వర్ణసామ్యం మాత్రమే చూచేవాడు కలపలేడు. ఞమ్ తరువాత వచ్చిన పదానికి కారకసంబంధాన్ని వర్ణానుపూర్వి చెప్పలేదు. ప్రయోగం తెలిసినవాడే రెండింటినీ నిర్ణయించగలడు.

1931లో మద్రాసు ప్రభుత్వం వారి సవర వ్యాకరణాన్ని ముద్రించినది. 1933లో ఇంగ్లీషు-సవర, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువులు వచ్చాయి. ఉచ్చారణను వారు అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతిలో చూపారు. ఇంగ్లీషు వర్ణక్రమం చెవికి ప్రమాణం కాదని ఉపాధ్యాయునిగా వారెరుగుదురు. చెవిని చెప్పే ఇయర్ అన్న పదంలోని ఈ, ఏ, ఆర్ అక్షరాల వరుస, వినుటను చెప్పే హియర్‌లోనూ ఉన్నది. అర్థబంధం ఉన్నట్లు తోస్తుంది. ఆ వరుసే భూమిని చెప్పే ఎర్త్‌లోను, సంపాదనను చెప్పే ఎర్న్‌లోను కనిపిస్తుంది. అక్కడ చెవీ లేదు, వినికిడీ లేదు. ఉచ్చారణ కూడా మారినది. ఇది కూపసూపయూపాల జాతిదే.

ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఏ. యేట్స్, జనులాడే తెలుగుకు బడి తెలుగుకు ఇంత భేదమెందుకని ప్రశ్నించాడు. రామమూర్తి ఈ ప్రశ్నకు సమాధానాన్ని ప్రయోగాలలో వెదకారు. 1911లో ఉద్యోగం విరమించి, పూర్తిగా ఆ వాదానికి అంకితులైనారు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. గ్రాంథికవాదుల రచనలలోనే వ్యాకరణవిరుద్ధ రూపాలను ఏరి చూపారు. 1933 నాటి గద్యచింతామణి ఆ శోధనకు ఫలం. పండితులలో పలువురు వారిని శాస్త్రద్వేషిగా తలచారు. నిజానికి లక్ష్యాన్ని అనుసరించి లక్షణమన్న శాస్త్రమర్యాదనే వారు పాటించారు. విభేదమల్లా లక్ష్యమేది అన్న విషయంలోనే: పూర్వకావ్యాలా, నేటి శిష్టుల వాక్కా?

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా, వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. వారి జన్మదినం తెలుగు భాషాదినోత్సవంగా జరుగుతున్నది. వ్యావహారికోద్యమంతో ముడిపడిన ఆ ఖ్యాతి సవరకృషిని కొంత మరుగుపరచినది. ప్రాచ్యకళాశాలల్లో మహాభాష్యం పాఠం చెప్పేవారికి, అన్వయవ్యతిరేకాలు లిపిలేని భాషలో ఎట్లు పనిచేస్తాయో చూపడానికి ఆ వ్యాకరణాన్ని మించిన ఉదాహరణ ఈ సీమలో దొరకదు.